కోతయంత్రమునకు పట్టా మార్చుట



పట్టా యనినతోడనే మన పల్లెల పెద్దలకు పొలము పట్టా తలంపునకు వచ్చుట సహజము. నేడు నేను చెప్పబోవు పట్టా వేఱు. పిండిగిర్నీలో మోటారునుండి రాతికిని, కోతయంత్రములో మోటారునుండి రంపమునకును తిరుగుడును గొనిపోవునట్టి రబ్బరు పట్టా యిది. దీనినే బజారులో బెల్టు అందురు. పొలము పట్టాలో లోపమున్నచో కచేరికి పోవలసివచ్చును. ఈ పట్టాలో లోపమున్నచో ఆసుపత్రికి పోవలసివచ్చును. అందుచేత దీని సంగతియు పెద్దలు కొంత యెఱిగియుండుట మేలని నాకు తోచినది.

మన భువనగిరి ప్రాంతమున వడ్లవారి పని యెట్లు మాఱినదో మీలో పలువురు కన్నులార చూచినవారే. పూర్వము నాగలి, గుంటుక, గొఱ్ఱు, బండి వీనిని చేసి, బాగుచేసి, కళ్ళములో మేర పుచ్చుకొని వడ్ల యతడు జీవించుచుండెను. పెద్ద దూలమును కోయవలసినచో ఒకడు పైన నిలిచి, ఒకడు క్రింద కూర్చుండి, దినమంతయు పెద్ద రంపమును లాగుచుండిరి. ట్రాక్టరు వచ్చినపిదప నాగళ్ళ పని తగ్గినది. ఇప్పుడు దర్వాజలు, కిటికీలు, మంచములు ఆతని జీవనాధారములు. ఇందులకు కరెంటుతో నడచు రంపపు బల్ల యాతని యింటి పందిరి క్రిందికే వచ్చినది. ఇద్దఱు పూటయంతయు చేయు పనిని అది గడియలో చేయును. వ్రేళ్ళను కూడ అంత సులభముగనే కోయును.

ఈ యంత్రపు నిర్మాణము కష్టమైనది కాదు. ఇనుప బల్ల నడుమ సన్నని సందు. ఆ సందులోనుండి పండ్లు గల ఉక్కు చక్రము కొంత పైకి వచ్చియుండును. బల్ల క్రింద ఆ చక్రమును మోయు ఇరుసు కలదు. దానిని షాఫ్టు అందురు. ఇరుసునకు రెండు వైపుల బేరింగులు, ఒక కొనను చిన్న పుల్లీ. కొంత దూరమున మోటారు, దాని కొనను పెద్ద పుల్లీ. ఈ రెండు పుల్లీలను చుట్టియున్నది పట్టా.

మోటారునకే రంపమును నేరుగ బిగింపరాదా యని మీరడుగవచ్చును. కొన్ని చిన్న యంత్రములలో అట్లును చేయుదురు. కాని మన పల్లెలలో సాధారణముగ వాడు మోటారు నిమిషమునకు సుమారు 1440 చుట్లు తిరుగును. పండ్రెండంగుళముల రంపము నునుపుగ కోయవలెనన్న ఆ వేగము చాలదు. రాట్నమును తలచుకొనుడు. పెద్ద చక్రము ఒకమాఱు తిరుగునప్పటికి సన్నని కదురు ఎన్నో మాఱులు తిరుగును. నడుమనున్న దారమే యిందులకు కారణము. అట్లే మోటారుపై ఆఱంగుళముల పుల్లీయు, రంపపు ఇరుసుపై మూడంగుళముల పుల్లీయు నున్నచో వేగము రెట్టింపై రంపము నిమిషమునకు 2880 చుట్లు తిరుగును. అప్పుడు దాని పండ్లు గంటకు నూట అఱువది కిలోమీటర్లకు మించిన వేగముతో పోవుచుండును. మన భువనగిరి స్టేషనులో ఆగక పోవు రైలు కూడ అంత వేగము పోదు. పట్టా వలన మఱియొక మేలు కలదు. కఱ్ఱలో ముడి తగిలి రంపము తటాలున నిలిచినచో, ఆ దెబ్బను పట్టా కొంత తాను భరించి మోటారును కాపాడును.

ఇట్టి పట్టా యొక్కనాడు పుట్టినది కాదు. గుండ్రని రంపపు ప్రస్తావన ఇంగ్లాండులో 1777వ సంవత్సరమున శామ్యూలు మిల్లరు అను నాతడు పొందిన పేటెంటులో నున్నది. తరువాత చాలకాలము యంత్రములన్నియు తోలు పట్టాలతోడను, నేతగుడ్డ పట్టాలతోడను నడచినవి. అవి చదునైనవి. చదునైన పట్టా జాఱకుండవలెనన్న మిక్కిలి బిగువుగ లాగి కట్టవలెను. ఆ లాగుడంతయు బేరింగులపై పడును. 1839లో అమెరికాలో చార్లెసు గుడ్‌యియరు రబ్బరును గంధకముతో కాచి గట్టిపఱచు విధమును కనుగొనెను. అంతకుముందు రబ్బరు ఎండకు జిగురువలె కరగి, చలికి పెళుసై పోవుచుండెను. ఆ గట్టి రబ్బరులో దారములు పొదిగి, అడుగున సన్నముగను పైన వెడల్పుగను ఉండునట్టి పట్టాను 1917లో అదే దేశమున డెన్వరు నగరవాసి జాన్ గేట్సు రూపొందించెను. నేడు మన కోతయంత్రములలో నున్నది ఈ జాతి పట్టాయే.

ఆ యాకారములో నున్న యుక్తిని కొంచెము గమనింపుడు. గొడ్డలి కామ వదులైనప్పుడు మనమేమి చేయుదుము? ఒక చీల కొట్టుదుము. చీల ఎంత లోపలికి పోయిన అంతగ ప్రక్కల నొత్తి పట్టును. పట్టాయు అట్టి చీలయే. పుల్లీ గాడిలో అది ప్రక్కల నానుకొని యిఱుకుకొనును. లాగిన కొలది మఱింత యిఱుకును. అందుచేత అదే బిగువునకు చదును పట్టా కంటె ఇంచుమించు మూడు రెట్లు పట్టు దీనికి కలుగును. ఈ యొక్క సంగతి మఱువకున్నచో తక్కినవన్నియు మీకే బోధపడును. పట్టా పని చేయునది ప్రక్కలతో, అడుగుతో కాదు. అడుగు గాడి క్రిందిభాగమునకు తగిలెనా, చీల పోయి చదును పట్టా యైనదన్నమాట. ఇక అది జాఱక మానదు.

పట్టా అరిగినదని తెలియుటెట్లు? స్విచ్చి వేసిన క్షణమున కీచుమని యఱచుట మొదటి గుర్తు. రబ్బరు కాలిన వాసన, యంత్రము క్రింద రంపపు పొట్టుతో కలిసిన నల్లని పొడి, పట్టా ప్రక్కలు అద్దమువలె మెఱయుట, లోపలివైపున అడ్డముగ నెఱ్ఱెలు, అంచున దారములు పైకి లేచుట, ఇవియు గుర్తులే. అన్నింటికంటె ముఖ్యమైనది వేఱొకటి. మోటారు మామూలుగ హోరుమనుచునే యుండును, రంపము మాత్రము కఱ్ఱలోనికి పోగానే నీరసించును. ఐతే రంపపు పండ్లు మొద్దువాఱినను ఇట్లే మందగించును. కనుక ముందు పండ్లను చూడవలెను. పండ్లు పదునుగనే యుండి, కరెంటు తీసి యంత్రము పూర్తిగ నిలిచినపిదప పుల్లీని తాకిచూచినపుడు అది చుఱుక్కుమనినచో, జాఱుడు పట్టాదేయని నిశ్చయింపవచ్చును.

నేనెఱిగిన వడ్ల యతడొకడు ఈ గుర్తులన్నియు చూపించినను, "పంతులుగారూ, ఇంక తెగలేదు గదా, తెగినప్పుడు చూతము" అనెను. ఈ మాట మన పల్లెలలో చాలమందిది. మోట త్రాడు తెగినచో బొక్కెన బావిలో పడును, అంతే నష్టము. ఇక్కడ అట్లు కాదు. తెగిన పట్టా కంటె జాఱు పట్టాయే అపాయకరము. ఏలనన, తెగినచో రంపము నిలిచిపోవును. జాఱునప్పుడు రంపము నెమ్మదించును, మనుష్యుడు కఱ్ఱను మఱింత బలముగ నెట్టును; అంతలో పట్టా మరల పట్టును. రంపము ఒక్కసారిగ వేగమందును. నెట్టుచున్న చేయి ముందునకు పోవును. లేదా వెనుకవైపు పండ్లు కఱ్ఱను ఎత్తి నెట్టువాని మీదికే విసరును. కఱ్ఱ అట్లు వెనుకకు ఎగిరి కడుపునకో ఱొమ్మునకో తగిలినచో గాయము సామాన్యముగ నుండదు. కొలది వందల రూపాయలు చేయు పట్టాకును, ఇల్లు నడపు కుడిచేతికిని పోలిక యెక్కడిది?

కొందఱు జాఱుడు మాన్పుటకై గుగ్గిలపు పొడి చల్లుదురు. ఇది తోలు పట్టాల నాటి అలవాటు. రబ్బరు పట్టాకు అది పనికిరాదు. ఒక పూట పట్టినట్లుండును, పిదప ఆ జిగురునకు పొట్టు అంటుకొని గడ్డకట్టి ప్రక్కలను తినివేయును. నూనె చుక్కలును అట్టివే. రబ్బరు ఉబ్బి మెత్తబడును. తిరుగుచున్న పట్టాపై ఏదియైన చల్లుటకు చేయి చాచుటే ఒక సాహసము. ఆ చల్లునది యేదైన కానిండు.

ఇక మార్చు విధము. మొట్టమొదట కరెంటు ఆపవలెను. స్విచ్చి ఆపినంత మాత్రమున చాలదు. ఇంటిలోని పిల్లవాడో, పనికి వచ్చిన కూలివాడో తెలియక దానిని వేయవచ్చును. ఫ్యూజులను ఊడదీసి పని చేయువాడు తన అంగీ జేబులోనే ఉంచుకొనవలెను. ఇతరుల చేతికి ఈయరాదు. రంపము తానై పూర్తిగ నిలుచువఱకు వేచియుండవలెను. కఱ్ఱ అడ్డము పెట్టి ఆపుట తగదు. తరువాత రంపపు చక్రమును విప్పి ప్రక్కన పెట్టుట ఉత్తమము. క్రింద పుల్లీని చేతితో త్రిప్పునప్పుడు పైన రంపమును తిరుగునని చాలమంది మఱతురు. రెండవ మనిషి చేయి అప్పుడు బల్ల మీద నున్నచో ఏమగునో చెప్పనక్కఱలేదు.

అటుపిమ్మట మోటారు కాళ్ళ బోల్టులు నాలుగింటిని పానాతో వదులుచేసి, మోటారును రంపము వైపునకు జరుపవలెను. పట్టా వదులై దానంతటది చేతికి వచ్చును. మన పల్లెలలో ఈ నాలుగు బోల్టులు విప్పుటకు బద్ధకించి, పేచ్‌కసును పట్టా క్రింద దూర్చి, పుల్లీని త్రిప్పుచు పట్టాను ఎగదన్నుదురు. ఎక్కించునప్పుడును అట్లే చేయుదురు. ఇది చాల చెడ్డ పద్ధతి. లోపలి దారములు అప్పుడే కొన్ని తెగును. పైకి ఏమియు కానరాదు. ఆ పట్టా కొన్నాళ్ళకే తెగినప్పుడు అమ్మినవానిని తిట్టుదురు! కొన్ని యంత్రములలో మోటారు మడతబందు మీద వ్రేలాడుచు తన బరువుతోనే పట్టాను బిగించును. అక్కడ మోటారును పైకెత్తి, క్రింద కఱ్ఱ ముక్క ఆనించినచో చాలును.

పట్టా తీసినపుడే పుల్లీలను పరీక్షింపవలెను. ఇక్కడ తొందర కూడదు. గాడిలోని పొట్టును పొడిగుడ్డతో తుడిచి, గాడి ప్రక్క గోడకు తిన్నని ఇనుపబద్దను ఆనించి చూడుడు. గోడ లోపలికి గుంటపడి, బద్దకును దానికిని నడుమ అంగుళములో ముప్పదిరెండవ వంతు కంటె ఎక్కువ సందు కనబడినచో ఆ పుల్లీ పని ముగిసినది. గాడి అడుగు మెఱయుచున్నను అంతే. అరిగిన పుల్లీలో క్రొత్త పట్టా వేయుట చిల్లికుండలో నీరు పోయుటయే. ఇరుసును చేతితో త్రిప్పి బేరింగుల చప్పుడు వినవలెను. గరగర లాడినచో వానిని కూడ ఇప్పుడే మార్చుకొనుట లాభము, మరల విప్పు శ్రమ తప్పును.

క్రొత్త పట్టా కొలత విషయమై మన జనులు తఱచు పొరబడుచున్నారు. పట్టాపై ఒక అక్షరము, ఒక సంఖ్య ముద్రించియుండును. అక్షరము జాతిని తెలుపును. ఎ జాతి పైభాగమున 13 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందము గలది. బి జాతి 17 వెడల్పు, 11 మందము. సంఖ్య సాధారణముగ లోపలి చుట్టుకొలతను అంగుళములలో చెప్పును. ఎ 40 అనగా లోపలి కొలత నలువది అంగుళములు. పాత పట్టాపై అక్షరములు చెఱిగిపోయినచో దారముతో పైనుండి చుట్టి కొలిచి, ఆ సంఖ్యనే అంగడిలో చెప్పుదురు. పై కొలత లోపలి కొలత కంటె ఎ జాతిలో సుమారు రెండంగుళములు ఎక్కువ. పైగా పాత పట్టా సాగియున్నది. ఇట్లు తెచ్చినది వదులై, మోటారును ఎంత వెనుకకు జరిపినను బిగియదు. ఇందుకై రాణిగంజు వఱకు మరల పోయివచ్చినవారు కలరు. సికింద్రాబాదుకు రానుపోను ఖర్చు పట్టా ధరతో సమానము.

పాతది లేకున్నను లెక్కతో తెలిసికొనవచ్చును. తెలుగున గణితమును పద్యములలో చెప్పిన పావులూరి మల్లన పుట్టిన భాష మనది. ఈ పాటి లెక్కకు వెనుదీయనేల? రెండు పుల్లీల నడిబిందువుల దూరము పదునాలుగంగుళములనుకొందము. దానిని రెట్టింపగ ఇరువదియెనిమిది. పుల్లీల వ్యాసములు ఆఱును మూడును కూడగ తొమ్మిది. దానిని పదునొకంటితో హెచ్చవేసి యేడింట భాగింపగ పదునాలుగును, ఏడవ వంతును. మొత్తము నలువదిరెండుకు కొంచెము పైన. వ్యాసముల భేదమైన మూడును మూడుతో హెచ్చవేసి, దూరమునకు నాలుగు రెట్లగు ఏబదియాఱుతో భాగింపగ వచ్చు స్వల్పమును దీనికి చేర్పవలెను. అది అంగుళములో ఆఱవ వంతునకు మించదు. ఇది పై కొలత. ఇందులో రెండు తీసివేయగ నలువది. కాబట్టి ఎ 40 తేవలెను. మోటారు కాళ్ళకు జరుగుటకు పొడవైన రంధ్రములుండును గనుక చిన్న హెచ్చుతగ్గులు సరిపడును. ఎ జాతి పట్టాకు మూడంగుళములకు తక్కువ పుల్లీ తగదని కూడ గుర్తుంచుకొనవలెను. మిక్కిలి చిన్న చుట్టున వంగి వంగి పట్టా త్వరలో పగులును.

కొన్ని యంత్రములలో ప్రక్కప్రక్కనే రెండు పట్టాలుండును. ఒకటి తెగినచో రెండును మార్చవలయును. ఒక కోతమిల్లు యజమాని పొదుపని తలంచి ఒక్కటే మార్చెను. క్రొత్తది పొట్టి, పాతది సాగినది. బరువంతయు క్రొత్తదానిపైననే పడెను. నెల దాటకముందే అదియు పోయినది. జోడెడ్లలో ఒకటి క్రొవ్వినదియు ఒకటి డస్సినదియు నైనప్పుడు కాడి యెట్లుండునో మీకు నేను చెప్పవలెనా?

పట్టాను గాడిలో నిలిపిన తరువాత పుల్లీలు రెండును ఒక వరుసలో నున్నవో లేవో చూడవలెను. గట్టి సుతిలిని రెండు పుల్లీల ముఖములకు అడ్డముగ లాగి పట్టుడు. అంచుల మందము సమానమైనచో, సుతిలి ఒక్కొక్క పుల్లీని రెండేసి చోట్ల, మొత్తము నాలుగు చోట్ల తాకవలెను. ఒకచోట ఎడము కనబడినచో మోటారు వంకరగ నున్నదన్నమాట. వంకరగ తిరుగు పట్టా ఒక ప్రక్కనే అరిగి, ఒక్కొక్కప్పుడు బోర్లపడి గాడినుండి దుమికిపోవును. అది సరియైన పిమ్మట మోటారును కఱ్ఱతో మెల్లగ వెనుకకు నెట్టి, ఎదురెదురు బోల్టులను కొంచెము కొంచెముగ బిగింపవలెను. ఎంత బిగువు? రెండు పుల్లీల నడుమ పట్టాను బొటనవ్రేలితో ఒత్తినపుడు, నడుమ దూరము పదునాఱంగుళములైనచో పావంగుళము లోపలికి పోవలెను. అంతకంటె వదులైన జాఱును. వీణ తీగవలె మ్రోగునంత బిగించినచో బేరింగులు కాగి చెడును. బిగువుగ నున్నది మంచిదను నమ్మకము తోలు పట్టాల నాటిది.

పిదప పుల్లీని చేతితో నాలుగు మాఱులు త్రిప్పి చూచి, రంపమును మరల బిగించి, పట్టా పైని రేకుమూత పెట్టి, అప్పుడే ఫ్యూజులు వేయవలెను. కొన్ని నిమిషములు కఱ్ఱ పెట్టకుండ నడిపి చప్పుడు వినవలెను. ఒకటి రెండు దినముల పనికి క్రొత్త పట్టా కొంత సాగి గాడిలో కుదురుకొనును. అప్పుడు మఱియొకమాఱు కరెంటు ఆపి బిగువు సరిచూడవలెను. ఈ రెండవ బిగింపును పదుగురిలో తొమ్మండుగురు చేయరు.

రేకుమూత సంగతి పెద్దలకు వేఱుగ విన్నవించుచున్నాను. పొట్టు దులుపుట సులభమని దానిని తీసి మూలను పడవేయుదురు. 1948 నాటి కర్మాగారముల చట్టము తిరుగు భాగములకు కంచె యుండవలెనని స్పష్టముగ విధించినది. కాని కరెంటుతో నడచుచు పదిమంది పనివారు గల చోట్లకు ఆ చట్టమును ఉద్దేశించిరి గాని, ఇంటి పందిరి క్రింద తండ్రియు కొడుకును పనిచేయు చోటికి కాదు. అక్కడ చెప్పదగినవారు ఊరి పెద్దలే. భుజము మీది తువ్వాల, ధోవతి చెఱగు, పిండిగిర్నీలోనైన ఆడువారి కొంగు, జడ, ఇవి పట్టాకును పుల్లీకిని నడుమ చిక్కినచో లాగుకొనుటకు ఒక క్షణము పట్టదు. దర్వాజ చేయించుకొనుటకు పోయినప్పుడు బల్ల క్రిందికి ఒకమాఱు వంగి చూచి, మూత లేకున్నచో "ముందు మూత పెట్టు నాయనా, పిదప నా కఱ్ఱ కోయుదువుగాని" అని పెద్దవారు చెప్పినచో పడుచువాడు కాదనడు. మేష్టరు చెప్పిన దానికంటె ఇంటికి పని తెచ్చిన వాని మాటకు బలమెక్కువ.

పని లేని దినములలో పట్టా ఒకే వంపున నిలిచి గట్టిపడి, మరల నడిపినపుడు దడదడలాడును. నెలల తరబడి యంత్రము నిలిపియుంచువారు మోటారును కొంత ముందునకు జరిపి పట్టాను వదులుచేసి యుంచుట మంచిది. అదనముగ తెచ్చుకొన్న పట్టాను ఎండ, నూనె తగులని చోట మడత పెట్టక వ్రేలాడదీయవలెను. తీసివేసిన పాత పట్టాను మాత్రము అటకపై దాచరాదు. కొన్నాళ్ళకు ఎవడో దానిని మంచిదనుకొని మరల ఎక్కించును. అప్పటికప్పుడే ఉలితో రెండు ముక్కలుగ నఱికివేయవలెను. ఆ ముక్కలు దొడ్డి తలుపునకు మడతబందులుగ చాలకాలము పనికివచ్చును.